పాపడు, పాపన్న, సర్దార్: దోచినవాణ్ని జనం వీరుడని ఎందుకు పాడుకుంటారు?

తమ్మీ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీది రఘునాథపల్లి దగ్గర పల్లె అన్నావు. మూడు వందల ఏళ్ల కిందట మన వైపు దోపిడీలు చేసి కోటలు కట్టిన కల్లుగీత ఇంటి బిడ్డ సర్వాయి పాపన్న. ఆగస్టు 18న ఆయన జయంతికి ఊళ్లో నిన్ను మాట్లాడమన్నారు. నెట్‌లో వెతికితే ఒకచోట గజదొంగ అని, ఇంకోచోట బహుజన చక్రవర్తి అని కనబడి టెన్షన్ పడుతున్నావు. ఆయన్ను తెలంగాణ రాబిన్ హుడ్ అనవచ్చా, అసలు దోపిడీ చేసినవాళ్లను జనం నెత్తిన ఎందుకు పెట్టుకుంటారు అని అడిగావు. నేను హనుమకొండలో ముప్పై ఏళ్లు డిగ్రీ పిల్లలకు చరిత్ర చెప్పాను. నాదీ జనగామ వైపే. ఈ కథను చదవడానికి చాలా ముందే విన్నాను. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపికగా చదువు.

ముందే నా మాట చెప్పేస్తాను. ఆయన దోచింది నిజం. జనం మూడు వందల ఏళ్లుగా ఆయన్ను గుండెల్లో పెట్టుకున్నదీ నిజం. రెండోదాన్ని కాపాడుకోవడానికి మొదటిదాన్ని దాచాల్సిన పని లేదు. దాచి మాట్లాడితే, మర్నాడు ఫోన్‌లో వెతికి చూసిన పిల్లవాడు నీ మాటే కాదు, పాపన్న గురించి ఎవరేం చెప్పినా నమ్మడు.

ఆయన కథ మనకు రెండు దారుల్లో వచ్చింది. ఒకటి, ఖాఫీ ఖాన్ అనే మొఘల్ చరిత్రకారుడు పారశీకంలో రాసిపెట్టింది. అతనికి పాపన్న పచ్చి దుర్మార్గుడు. రెండోది, ఊళ్లల్లో పాడుకున్న పాట. పాపన్న పోయిన 164 ఏళ్లకు, 1874లో, బాయిల్ అనే ఇంగ్లీషాయన దాన్ని ఒక పత్రికలో అచ్చు వేయించాడు. పాటలో ఆయన మహావీరుడు. 1980లో జాన్ రిచర్డ్స్, వెల్చేరు నారాయణరావు కలిసి ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి పరిశీలించారు. తర్వాత రిచర్డ్ ఈటన్ కూడా అదే పని ఇంకా లోతుగా చేశాడు. నేను కింద చెప్పే సంగతుల్లో ఏది రాతలోది, ఏది పాటలోది అన్నది విడివిడిగా చెబుతాను. నువ్వు కూడా మాట్లాడేటప్పుడు ఆ రెండూ కలిపేయకు. గొడవలన్నీ అక్కడే మొదలవుతాయి.

కాలం సంగతి. 1687లో గోల్కొండ ఔరంగజేబు చేతికి పోయింది. కుతుబ్‌షాహీల నాటి జమీందార్లు ఎక్కడివాళ్లు అక్కడే ఉన్నారు, వాళ్ల మీద కొత్తగా మొఘల్ ఫౌజుదార్లు, అంటే సైన్యంతో ప్రాంతాన్ని అదుపులో పెట్టే అధికారులు, వచ్చి కూర్చున్నారు. దక్కన్‌లో యుద్ధం ఆగలేదు, యుద్ధానికి డబ్బు కావాలి, ఆ డబ్బు పల్లెల నుంచే రావాలి. దారులు చూస్తే భద్రం లేదు. ఆ రోజుల్లో ఆయుధం పట్టిన పది మందిని పోగేసుకున్నవాడు ఎవడైనా సరే ఓ గుట్ట చూసుకొని గోడ కట్టుకునేవాడు. వాళ్లలో గెలిచిన వాడి మనవడు జమీందారు అయ్యాడు, ఓడినవాడు కాగితాల్లో దొంగ అయ్యాడు. పాపన్నను ఈ గుంపులో పెట్టి చూడాలి. ఒక్క తేడా ఏమిటంటే, మిగతావాళ్లు చాలామంది భూమి ఉన్న కులాల వాళ్లు. ఈయన తాడెక్కే ఇంట్లో పుట్టాడు.

ఇక రాతలో ఉన్నది. ఖాఫీ ఖాన్ లెక్కన ఆయన మొదటి దోపిడీ పరాయి ఇంట్లో జరగలేదు. భర్త పోయిన, డబ్బున్న సొంత తోబుట్టువు ఇంట్లో జరిగింది. ఆమె సొమ్ము, నగలు లాక్కొని, దాంతో మనుషుల్ని కూడగట్టి, తాటికొండలో గుట్ట మీద చిన్న కోట లాంటిది కట్టుకొని, హైదరాబాద్ వరంగల్ బాటలో బేహారులను, అంటే వర్తకులను, కొట్టడం మొదలుపెట్టాడు. తాటికొండ అంటే మన స్టేషన్ ఘన్‌పూర్ దగ్గరిదే. చుట్టుపక్కల ఫౌజుదార్లు, జమీందార్లు తరిమితే కౌలాస్‌కు, అంటే ఇప్పటి కామారెడ్డి జిల్లాలోకి పారిపోయి, అక్కడి జమీందారు వెంకట్రావు కొలువులో చేరాడు. అక్కడా దోపిడీ మానలేదు. వెంకట్రావు పట్టి జైల్లో వేశాడు. కొన్ని నెలలకు ఆ ఇంట్లో పిల్లవాడికి జబ్బు చేసింది. ఖైదీలను విడిచిపెడితే బిడ్డ బతుకుతాడని నమ్మి వెంకట్రావు భార్య అందరికీ తలుపులు తీయించింది. ఆ తల్లి మొక్కు వల్ల పాపన్న బయటపడ్డాడు.

అప్పుడు షాపూర్ వచ్చాడు. ఖిలా అంటే కోట. ఖిలా షాపూర్ కాస్తా జనం నోట ఖిలాషాపూర్ అయింది. సర్వా అనే జోడీదారు తోడయ్యాడు. కొలనుపాక ఫౌజుదారు ఖాసిం ఖాన్ పట్టుకుందామని వచ్చి పోరులో చచ్చిపోయాడు. హైదరాబాద్ పాలన చూసే రుస్తుం దిల్ ఖాన్ స్వయంగా వచ్చి రెండు నెలలు ముట్టడి వేశాడు. పాపన్న తప్పించుకున్నాడు, ఖాన్ కోటను మందు పెట్టి పేల్చేసి వెళ్లిపోయాడు. ఆ సైన్యం అటు పోగానే పాపన్న ఇటు వచ్చి, ఈసారి రాయితో, సున్నంతో గట్టిగా మళ్లీ కట్టాడు. ఖిలాషాపూర్ బురుజు దగ్గర నిలబడినప్పుడు ఈ మాట గుర్తు పెట్టుకో. ఒకసారి పేల్చేసిన చోటే రెండోసారి కట్టుకున్న కోట అది.

1707లో ఔరంగజేబు పోయాడు. కొడుకులు తన్నుకుంటున్నారు. మరుసటి ఏడాది పాపన్న చేసిన పని మొత్తం దక్కన్‌ను ఉలిక్కిపడేలా చేసింది. వరంగల్ నగరాన్నే కొట్టాడు.

ఆ రాత్రి 1708 మార్చి 31. తెల్లవారితే మొహర్రం పదో రోజు. మన దగ్గర పీర్ల పండుగ రాత్రి ఎలా ఉంటుందో నీకు చెప్పనక్కర్లేదు. అలావ అనే నిప్పుల గుండం చుట్టూ జనం, డప్పులు, కులమూ మతమూ లేకుండా ఊరంతా అక్కడే ఉంటుంది. ఇంటికాడ ఎవరుంటారు, పహరా ఎవరు కాస్తారు? ఆ తేదీ ఎంచుకున్నవాడు ఈ నేల మీద పెరిగినవాడే అయి ఉండాలి, ఢిల్లీ నుంచి వచ్చినవాడికి ఆ ఆలోచన తట్టదు. రెండు మూడు వేల కాల్బలం, నాలుగైదు వందల గుర్రాలతో కోటగోడల బయటికి చేరాడు. పొద్దున కొందరు దారులు కట్టేశారు, కొందరు తాళ్లు వేసి గోడెక్కారు. ఇక్కడ నా ఊహ ఒకటి చెబుతాను, ఊహ అనే తీసుకో. మోకు, ముత్తాదుతో రోజూ నిలువు తాటిచెట్టు ఎక్కి దిగేవాళ్లకు గోడ ఎంత పని? గోడ దిగినవాళ్లు లోపలి నుంచి తలుపులు తీశారు. రెండు మూడు రోజుల పాటు నగరాన్ని ఊడ్చేశారు. నగదు, బట్టలు, సరుకులు. వరంగల్ అప్పటికే తివాచీలకు పేరున్న ఊరు, అవీ పోయాయి.

సొమ్ముతో ఆగలేదు. ఉన్నవాళ్ల ఇళ్లలోని ఆడవాళ్లను, పిల్లలను వేలల్లో పట్టుకుపోయారు. నగర ఖాజీ భార్యాపిల్లలు కూడా వాళ్లలో ఉన్నారు. షాపూర్‌లో వాళ్లను ఉంచడానికి ప్రత్యేకంగా ప్రహరీ కట్టించాడు. డబ్బు ఇస్తే విడిచిపెట్టడం అప్పటి యుద్ధాల్లో మామూలే అని కొందరు అంటారు. మామూలే కావచ్చు. ఆ ప్రహరీ లోపల ఉన్న పిల్లకు అది మామూలు కాదు. నువ్వు వేదిక మీద ఈ ముక్క చెప్పకపోయినా, నీ మనసులో మాత్రం ఉండాలి.

రెండు నెలలకు, జూన్ 1న, మిలాద్ నబీ పండుగ చూసుకొని భువనగిరి మీద పడ్డాడు. అది వరంగల్ అంత కలిసిరాలేదు. కానీ అప్పటికే ఆయన నడక మారింది. పల్లకీ వచ్చింది, 700 జంటగొట్టాల తుపాకులు కొన్నాడు, రాజులాగా ఉండసాగాడు. ఒకసారి ధాన్యం మోసుకుపోయే బంజారాల బిడారు దగ్గరలో పోతుంటే అటకాయించి, పది పన్నెండు వేల పశువులను తోలుకొచ్చి తన భూముల్లో దున్నకానికి కట్టాడు. పాపన్న దుర్మార్గానికి సాక్ష్యంగా ఖాఫీ ఖాన్ రాసిన ఈ ముక్కలో నాకు ఇంకొకటి కూడా కనిపిస్తుంది. కొల్లగొట్టి వెళ్లిపోయేవాడు దున్నకం పెట్టడు. ఆయన ఇక్కడే ఉండాలనుకున్నాడు, పంట కావాలనుకున్నాడు, రాజ్యం కావాలనుకున్నాడు. అదే సమయంలో ఆ ఎద్దులు ఎవరివి? ఎద్దు లేని బంజారా కుటుంబం ఏమైపోయింది? ఇవాళ జనగామ చుట్టూ ఎన్ని తండాలున్నాయో నీకు తెలుసు. వాళ్ల నష్టం మన పాటలోకి ఎక్కలేదు.

1709 జనవరిలో కొత్త పాదుషా బహదూర్ షా తన తమ్ముడు కాంబక్ష్‌ను ఓడించడానికి హైదరాబాద్ వచ్చాడు. పాపన్న ఏం చేశాడనుకున్నావు? పాదుషాకు 14 లక్షల రూపాయలు, తిండి సామగ్రి నజరానాగా ఇచ్చాడు. పాదుషా ఖిలత్ కప్పాడు, అంటే గౌరవ వస్త్రం. ఒక కల్లుగీత ఇంటి బిడ్డకు మొఘల్ పాదుషా దర్బారు మర్యాద! చుట్టుపక్కల పెద్ద ఇళ్ల వాళ్లకు ఇది మింగుడుపడలేదు. తమ ఇంటి ఆడవాళ్లు షాపూర్‌లో బందీలుగా ఉంటే ఆయనకు సత్కారమా అని షా ఇనాయత్ అనే పెద్దమనిషి మొరపెట్టుకున్నాడు. పాదుషా మనసు మార్చుకొని హైదరాబాద్ పాలకుడు యూసుఫ్ ఖాన్‌కు పాపన్నను అణచే పని అప్పగించాడు.

చివరి ఘట్టం ఇంట్లోంచే మొదలైంది. పాపన్న తన సొంత బావమరిదిని, ఆయన ఒక ఫౌజుదారు, షాపూర్ జైల్లో పెట్టాడు. పాపన్న ఇంకో జమీందారు కోట మీద ముట్టడికి పోయిన సమయం చూసి, పాపన్న భార్య తన తమ్ముడి కోసమని పంపే అన్నంలో ఆకురాళ్లు దాచి పంపింది. ఖైదీలు సంకెళ్లు రాసుకొని తెంపుకొని, కోటనే పట్టుకున్నారు. తిరిగొచ్చిన పాపన్న మీదికి ఆయన ఫిరంగులే పేలాయి. తాటికొండకు తప్పుకున్నాడు. యూసుఫ్ ఖాన్ నెలల తరబడి చుట్టుముట్టాడు. మా వైపు వస్తే రెట్టింపు జీతం అని పాపన్న మనుషులకు ఆశ పెట్టాడు, మెల్లగా జారుకున్నారు. 1710లో మందుగుండు అయిపోయింది. కాలికి గాయంతో, మారువేషంలో హసనాబాద్ చేరి, ఒక కల్లు దుకాణంలో కూర్చొని కల్లు అడిగాడు. కల్లు పోసినాయన గుర్తుపట్టి కబురందించాడు. పట్టుకోవడానికి వచ్చింది ఆ బావమరిదే. తల పాదుషాకు పంపారు, మొండెం హైదరాబాద్ దర్వాజాకు వేలాడదీశారు.

తోబుట్టువును దోచడంతో మొదలై, ఇల్లాలు పంపిన ఆకురాయితో తిరగబడి, సొంత వృత్తివాడి దుకాణంలో ముగిసింది ఆ బతుకు. నేను ముప్పై ఏళ్లు ఈ పాఠం చెప్పాను, ఈ చోటికి వచ్చినప్పుడల్లా గొంతు పట్టుకునేది.

ఇప్పుడు పాట సంగతి. పాటలో తోబుట్టువు దోపిడీ లేదు. పాటలో తల్లి సర్వమ్మ ఉంది. తాళ్లు గీసుకుంటూ బుద్ధిగా బతకమని ఆమె అంటుంది, కొడితే గోల్కొండే కొట్టాలని కొడుకు అంటాడు. మా వైపు ఇంకో ముచ్చట చెబుతారు. సిపాయిలు కల్లు తాగి పైసలు ఇవ్వకపోగా పాపన్న దోస్తు మీద చెయ్యి చేసుకుంటే, పాపన్న గీత కత్తి తీశాడని. అది జరిగిందో లేదో కాగితంలో దొరకదు. కానీ కల్లు తాగి పైసలు ఎగ్గొట్టిన సిపాయి ప్రతి కల్లు మండువకూ తెలుసు. విన్నవాడికి అది తన ఇంట్లో జరిగిన కథే.

నాకు పదేళ్లప్పుడు మా ఊరి మండువ పక్కన జాగాలో ఈ కథ రెండు రాత్రులు విన్నాను. పెట్రోమాక్స్ లైటు, దాని చుట్టూ పురుగులు, గోడకు ఆనించిన ముత్తాదులు. కథకుడు ముందు, వంతలు ఇద్దరు వెనక. పాపన్న తాటికొండలో చిక్కుకున్న దగ్గరికి వచ్చేసరికి అర్ధరాత్రి దాటింది. అప్పటిదాకా కబుర్లు చెప్పుకుంటున్నవాళ్లు కూడా చప్పుడు చేయడం లేదు. అరవై ఏళ్ల గీత కార్మికుడు ఒకాయన, రెండు మోకాళ్లకూ తాడు రాపిడికి కాయలు కట్టినాయన, లేచి వెళ్లి కథకుడి చేతిలో ఐదు రూపాయలు పెట్టి, "ఇయ్యాల సంపకు, రేపు చెప్పు" అన్నాడు. కథకుడు ఆ నోటు కళ్లకద్దుకొని కథ ఆపేశాడు. అందరూ లేచి ఇళ్లకు పోయారు. ఆ రాత్రికి పాపన్న బతికే ఉన్నాడు. మర్నాడు చెప్పిన చావు కూడా రాతలోని చావు కాదు. శత్రువు చేతికి చిక్కకుండా తన ప్రాణం తానే తీసుకున్నాడని చెప్పాడు. దర్వాజాకు వేలాడిన మొండెం గురించి ఆ కథకుడు ఒక్క ముక్క కూడా అనలేదు. అన్నా ఆ ముసలాయన ఒప్పుకునేవాడు కాదు.

నువ్వు అడిగిన 'ఎందుకు'కు ఆ ఐదు రూపాయల్లో చాలా జవాబు ఉంది. పాపన్న పేదలకు పంచాడా లేదా అని ఆ ముసలాయన లెక్క చూడలేదు. తనలాంటివాడు, తన మోకాళ్లలాంటి మోకాళ్లున్నవాడు, ఒక్కసారైనా గోల్కొండ వైపు తలెత్తి చూశాడు. అది చాలు.

ఇంకో సంగతి. పాటలో ఆయన వెంట ఉన్నవాళ్ల పేర్లు వరసగా వస్తాయి. చాకలి సర్వన్న, మంగలి మాసన్న, కుమ్మరి గోవిందు, మేదరి యెంకన్న, దూదేకుల పీరు, హసన్, హుసేన్, తుర్క హిమాం, కొత్వాల్ మీర్ సాహెబ్. యెరుకల వాళ్లున్నారు, యానాది వాళ్లున్నారు. ఈ వరస చదివితే, ఇది హిందువులు ముస్లింల మీద చేసిన యుద్ధం అని ఇప్పుడు కొందరు చెప్పేది నిలబడదు. ఆయన జట్టులో సాయిబులున్నారు. ఆయన్ను తరిమినవాళ్లలో హిందూ జమీందార్లున్నారు. ఖైదు చేసింది వెంకట్రావు, తలుపు తీయించింది వెంకట్రావు భార్య. నీ ప్రసంగంలో ఈ ఒక్క సంగతి బల్లగుద్ది చెప్పు. ఊళ్లో పని చేసే చేతులన్నీ ఒకచోట చేరిన జట్టు అది, కనీసం పాట దాన్ని అలా గుర్తుపెట్టుకుంది.

పేరు సంగతి కూడా చూడు. పాత పాటలో ఆయన 'పాపడు'. మన భాషలో చివరన 'డు' తగిలిస్తే చనువూ కావచ్చు, చులకనా కావచ్చు. తల్లి పిలిస్తే చనువు, ఫౌజుదారు పిలిస్తే చులకన. తర్వాత 'పాపన్న' అయ్యాడు. ఇవాళ ఫ్లెక్సీల మీద 'సర్దార్ సర్వాయి పాపన్న గౌడ్ మహరాజ్'. ఒక మనిషి పోయాక కూడా పేరు ఇలా మెట్లెక్కుతూ పోవడం అంటే, ఆ పేరు వెనక ఉన్న జనం మెట్లెక్కుతున్నారని అర్థం. అందుకు నాకు సంతోషమే. నేను చదువుకునే రోజుల్లో పాఠ్యపుస్తకంలో ఆయనకు ఒక్క వాక్యం లేదు. ఇవాళ ప్రభుత్వమే జయంతి జరుపుతోంది.

రాబిన్ హుడ్ దగ్గరా ఇదే జరిగింది, అందుకే ఆ పోలిక నాకు పనికొస్తుంది. నువ్వు అనుకున్న కారణానికి కాదు. ఉన్నవాళ్లను కొట్టి లేనివాళ్లకు పెట్టాడు అన్నది ఆయన పాత పాటల్లో పెద్దగా కనిపించదు. పేదలకు మేలు చేశాడని ఒక మాట ఉంటుంది, అంతే. 1370ల్లోనే ఆయన పాటలు జనం నోట్లో ఉన్నట్టు ఒక ఇంగ్లీషు కావ్యం చెబుతుంది. అప్పటి పాటల్లో ఆయన మామూలు రైతు స్థాయి మనిషి. రెండు వందల ఏళ్ల తర్వాత, 1590ల చివర్లో, నాటకాలు రాసేవాళ్లు ఆయన్ను పెద్ద జాగీరు పోయిన ప్రభువుగా మార్చేశారు. మామూలు ఇంటివాడు వీరుడు కావడం వాళ్లకు నచ్చలేదు. మన దగ్గర కూడా ఆ పని జరగకుండా చూసుకోవాలి. పాపన్నకు లేని రాజవంశం అంటగట్టడం ఆయనకు గౌరవం కాదు. తాటిచెట్టు ఎక్కినవాడు కోట ఎక్కాడన్నదే ఆ కథలో బలం. కాబట్టి 'తెలంగాణ రాబిన్ హుడ్' అనకు. పాపన్న నిజంగా ఉన్న మనిషి, తేదీలున్న మనిషి. రాబిన్ హుడ్ అసలు ఉన్నాడో లేడో ఇప్పటికీ తేలలేదు.

ఇలాంటి మనుషుల గురించి ఎరిక్ హాబ్స్‌బామ్ అనే చరిత్రకారుడు 1959లోనూ, 1969లోనూ రాశాడు. సర్కారు దృష్టిలో నేరస్తుడు, పల్లె దృష్టిలో తమవాడు అయిన దోపిడీదారును ఆయన ప్రత్యేకంగా చూడమన్నాడు. అలాంటివాడు ఎప్పుడూ సొంతవాళ్ల ద్రోహం వల్లే పడిపోతాడని, దగ్గరి అధికారితోనే వైరం పెట్టుకుంటాడు తప్ప రాజుతో పెట్టుకోడని అన్నాడు. పాపన్న పాదుషాకు ఇచ్చిన 14 లక్షలు, హసనాబాద్ కల్లు దుకాణం గుర్తొస్తున్నాయి కదా. 1972లో ఆంటన్ బ్లాక్ దీనికి అడ్డు చెప్పాడు. ఇలాంటివాళ్లు చాలాసార్లు పేదలనే కొట్టారు, పెద్దవాళ్ల అండతోనే బతికారు, పాటలను చూసి చరిత్ర రాయకూడదు అన్నాడు. నేను ఇద్దరి మాటా తీసుకుంటాను. బంజారాల ఎద్దుల దగ్గర బ్లాక్‌దే న్యాయం. మండువలో ఐదు రూపాయల దగ్గర హాబ్స్‌బామ్‌దే.

అందర్నీ ఒకే గంపలో వేయకు అని కూడా చెప్పాలి. నువ్వు నీ ప్రశ్నలో సమ్మక్క సారలమ్మలను, రాంజీ గోండును, కుమ్రం భీమును పాపన్న పక్కన పెట్టావు. రాంజీ గోండును 1860లో నిర్మల్‌లో ఉరితీశారు, ఆయనతో పాటు వెయ్యి మందిని అని జనం చెబుతారు, అందుకే ఆ చెట్టు వెయ్యి ఉరుల మర్రి అయింది. భీము 1940లో జోడేఘాట్‌లో అడవి మీద, భూమి మీద తన జనానికి హక్కు కావాలని పోరాడి ప్రాణం ఇచ్చాడు. వీళ్లు దారికాచిన మనుషులు కారు. మేడారం తల్లుల కథలో కరువు రోజుల్లో కప్పం కట్టబోమన్న కోయ జనం ఉంది, కాకతీయుల సైన్యం ఉంది. వాళ్లు దేవతలయ్యారు. వీళ్లందరిలో కలిసే గీత ఒక్కటే, శిస్తు అడిగినవాడికి ఎదురు నిలబడటం. మన నేల ఆ గుణాన్ని మర్చిపోదు. భద్రాచలం రామదాసును చూడు. పాపన్న కంటే ఒక తరం ముందు, కుతుబ్‌షాహీల నాటి గోల్కొండ సర్కారు శిస్తు సొమ్ముతో గుడి కట్టి జైలుకు పోయాడు. సర్కారు లెక్కలో అది నేరమే. జనం లెక్కలో ఆయన భక్తుడు, ఆయన కీర్తనలు పాడని ఇల్లు లేదు.

కానీ అందరికీ ఈ మన్నింపు దొరకలేదు. పాపన్న జట్టులో ఉన్నారని చెప్పిన యెరుకల వాళ్ల సంగతి చూడు. 1871లో బ్రిటిష్ వాళ్లు ఒక చట్టం తెచ్చి కొన్ని కులాలకు కులాలనే పుట్టుకతో నేరస్తులని ముద్ర వేశారు. ఆ చట్టం మద్రాసు రాష్ట్రానికి వచ్చాక యెరుకల వాళ్లను కూడా దాని కింద సెటిల్మెంట్లలో పెట్టారు, పోలీసు హాజరు పెట్టారు. దేశం మొత్తంలో ఆ చట్టం రద్దయ్యేసరికి 1952 వచ్చింది. ఊళ్లో దొంగతనం జరిగితే ముందు ఎవరి గుడిసె వెతుకుతారన్నది ఇప్పటికీ పూర్తిగా మారలేదు. దొంగ వీరుడు కావాలంటే పాడేవాళ్లు కావాలి, ఆ పాడేవాళ్లకు కట్నకానుకలు ఇచ్చే కులం కావాలి, విగ్రహానికి చందా వేసే జనం కావాలి. ఇవేవీ లేనివాళ్లలోనూ పాపన్నలు ఉండే ఉంటారు, మనకు పేర్లు చేరలేదు.

సినిమా గురించి అడిగావు. తెలుగు సినిమాకు బందిపోటు అంటే ఎప్పటినుంచో ఇష్టం. గుర్రం, ముసుగు, దుష్ట జమీందారు, చివర్లో హీరో నిజానికి రాజుగారి బిడ్డ అని తేలడం. ఆ చివరి ముక్క దగ్గరే నాకు పేచీ. ఇంగ్లీషు నాటకాలవాళ్లు చేసిందీ అదే కదా. దీని మీద ఇంతకంటే రాయను.

ఆడవాళ్ల గురించి మాత్రం రాయాలి. వీళ్ల కథల్లో ఆడవాళ్లు తల్లిగా ఏడుస్తారు, లేదా ద్రోహం చేస్తారు. కథ మధ్యలో నిలబడింది మన దేశంలో ఫూలన్ దేవి లాంటి ఒకరిద్దరే. ఆమె 1983లో లొంగిపోయి, 1996లో మీర్జాపూర్ నుంచి పార్లమెంటుకు వెళ్లింది, 2001లో ఇంటి ముందే కాల్చి చంపారు. పాపన్న కథలో దోపిడీకి గురైన తోబుట్టువు, ఖైదు తలుపులు తీయించిన కౌలాస్ ఇల్లాలు, ఆకురాళ్లు పంపిన భార్య, ప్రహరీ లోపల బందీలు, ఇంతమంది ఆడవాళ్లు ఆ బతుకును మలుపులు తిప్పారు. లెక్చరర్‌గా ఉన్నప్పుడు ఒక పెద్ద కథకుడిని ఆ తోబుట్టువు గురించి అడిగాను. ఆయన కాసేపు ఆలోచించి, "మా గురువు ఆ ముచ్చట చెప్పలేదు సార్" అన్నాడు. ఆయన దాచలేదు. ఆయన దాకా ఆ ముచ్చట రానే లేదు.

నీ ప్రసంగానికి పది నిమిషాలే ఇస్తారు. వరంగల్ దాడి తేదీతో మొదలుపెట్టు, జనం చెవులు రిక్కిస్తారు. జట్టులో ఉన్నవాళ్ల పేర్లు కులాలతో సహా చదువు, ఆ కులాలవాళ్లు నీ ముందే కూర్చొని ఉంటారు. 'సర్దార్' అనే అను, ఊళ్లో పెద్దలు పెట్టుకున్న పేరును గౌరవించాలి. దోచాడన్న మాట కూడా ఒకసారి స్పష్టంగా అను. తాళ్లు గీసే బిడ్డను రాజ్యం దగ్గరికి రానివ్వని కాలంలో ఆయన ఎంచుకున్న దారి అది, ఆ దారిలో నలిగినవాళ్లలో మనలాంటి వాళ్లూ ఉన్నారని చెప్పు. ఎవరైనా లేచి గొడవ చేస్తే వాదనకు దిగకు. కింద కూర్చున్నాక పక్కకు పిలిచి ఎద్దుల సంగతి చెప్పు, వింటారు.

అంతకు ముందు ఒక ఆదివారం ఖిలాషాపూర్, తాటికొండ రెండూ చూసిరా. వానాకాలం కాబట్టి బురుజులు ఎక్కవద్దు, కింద నుంచే చూడు. తాటికొండలో పొద్దున్నే మండువ దగ్గర పెద్దవాళ్లు దొరుకుతారు. వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసుకో, సరిచేయకు. ఆకురాళ్లు అన్నంలో పెట్టి పంపిన ఆ ఇల్లాలి పేరు ఎవరి నోటనైనా వస్తే, వెంటనే నాకు రాయి.